గ్యారేజీ ఉత్తరాలు: సొంత కారుతో ట్రాక్ మీదికి

పోయిన నెల ఇదే శీర్షికలో "రాత్రిపూట ఔటర్ రింగ్ రోడ్డు మీద పందేలు వేసుకోవద్దు, అంత సరదాగా ఉంటే ట్రాక్‌కి పోయి తోలుకోండి" అని ఒక్క ముక్క రాశాను. దానికి వచ్చినన్ని ఉత్తరాలు ఇంజన్ బోరింగ్ గురించి మూడు నెలలు వరసగా రాసినప్పుడు కూడా రాలేదు. "పొమ్మన్నారు సరే, ఎలా పోవాలో చెప్పరేం?" అని నిలదీసినవాళ్లే ఎక్కువ. తప్పు నాదే. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా స్పానర్ పట్టిన చేత్తో, తెలిసినంత వరకు రాస్తున్నాను.

నాది 2019 స్విఫ్ట్ పెట్రోల్, మాన్యువల్ గేరు. 48 వేల కిలోమీటర్లు తిరిగింది. చెన్నై దగ్గర ట్రాక్ డేకి (సొంత కారుని రేసు ట్రాక్ మీద నడుపుకునే రోజు) మొదటిసారి వెళ్తున్నాను. 40 వేలు పక్కన పెట్టాను. ఫ్రెండ్సేమో ఎయిర్ ఫిల్టర్ మార్చు, సైలెన్సర్ మార్చు, స్ప్రింగులు కోయించి కారు కిందికి దించు అంటున్నారు. దేంతో మొదలుపెట్టమంటారు? (నెల్లూరు పాఠకుడు)

బ్రేక్ ఆయిల్‌తో. మీ ఫ్రెండ్స్ చెప్పినవాటిలో అది లేదు చూశారా, అందుకే ముందు రాస్తున్నా.

మీరు వెళ్లేది శ్రీపెరుంబుదూరు దారిలోని ఇరుంగాట్టుకొట్టై ట్రాక్‌కే అనుకుంటున్నాను. 1990లో మొదలైంది. అంతకుముందు మద్రాసు రేసులు షోలవరంలో పాత ఎయిర్‌స్ట్రిప్ మీద జరిగేవి. ఇక్కడ ఒక చుట్టు 3.717 కిలోమీటర్లు, 12 మలుపులు. అంతేనా అనిపిస్తుంది. నెల్లూరు నుంచి చెన్నై దాకా హైవే మీద ప్రాణం పెట్టి బ్రేకు కొట్టేది ఎన్నిసార్లు? గేదె అడ్డమొస్తే ఒకసారి, ఇండికేటర్ వేయకుండా లారీ తిరిగితే ఇంకోసారి. ట్రాక్ మీద ఒక్క చుట్టులోనే అంతకు రెండింతలు కొడతారు. రెండు మూడు నిమిషాల్లో చుట్టు తిరిగొస్తుంది, మళ్లీ మొదలు. మధ్యలో బ్రేకులు చల్లారే తీరిక ఉండదు.

పైగా 70 మీద ఉన్న కారుని ఆపడానికీ, 140 మీద ఉన్నదాన్ని ఆపడానికీ తేడా రెండింతలు కాదు, నాలుగింతలు. ఆ శక్తి అంతా వేడిగా మారి డిస్కులోకి, ప్యాడ్లలోకి, అక్కణ్ణుంచి బ్రేక్ ఆయిల్‌లోకి దిగుతుంది. ఈ ఆయిల్‌కి ఒక పాడు గుణం ఉంది, తేమని పీల్చుకుంటుంది. మూత బిగించి ఉన్నా రబ్బరు హోసుల గుండా కొంచెం కొంచెంగా చేరుతూనే ఉంటుంది. తడి గరిటె పెట్టిన ఆవకాయ జాడీలాగా పైకి ఏమీ తెలియదు. కొత్త డాట్ 3 రకం ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, డాట్ 4 అయితే 230 దాకా. అదే 3.7 శాతం నీరు చేరిందనుకోండి, డాట్ 3కి 140, డాట్ 4కి 155 డిగ్రీలకి మించి హామీ లేదు. మరిగిన చోట ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే అణగదు, ఆవిరి అణిగిపోతుంది. మీరు తొక్కిన తొక్కుడంతా ఆ బుడగల్ని నలపడానికే సరిపోతుంది, చక్రం దాకా పోదు.

ఇది ఎక్కడో చదివి చెప్పడం లేదు. 2003లో నా సొంత ఎస్టీమ్ తీసుకుని అక్కడికే వెళ్లాను. ఆటోనగర్‌లో రోజుకి నాలుగు బళ్లకి బ్రేకులు చేసేవాణ్ణి, నా బండికి మాత్రం ఆయిల్ మార్చి నాలుగేళ్లయింది. నాలుగో చుట్టులో స్ట్రెయిట్ (మలుపు లేని తిన్నటి భాగం) చివర కాలు పెడితే తడి స్పాంజి తొక్కినట్టు పెడల్ నేల దాకా పోయింది. టకటకా మూడుసార్లు పంపు కొట్టాను, కాస్త పట్టింది, గేరు దించాను. అప్పటికే మట్టిలో ఉన్నాను. నాకూ కారుకీ ఏమీ కాలేదు. సాయానికి వచ్చిన పెద్దాయన బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా, అదే రిజర్వాయర్, మూత తీశాడు. లోపల చిక్కటి కాఫీ డికాషన్ రంగు. "నువ్వేం పని చేస్తావ్?" అని అడిగాడు. మెకానిక్‌నని చెప్పడానికి నోరు రాలేదు.

కాబట్టి మీ రిజర్వాయర్ మూత మీద ఏం రాసుందో చూసి, డాట్ 3 అని ఉంటే మంచి డాట్ 4 పోయించండి, రెండూ ఒకే జాతివి. 5.1 కూడా పర్వాలేదు. ఉత్త 5 మాత్రం సిలికాన్ రకం, మీ కారుకి పనికిరాదు, వీటితో కలపకూడదు. పోయించడమంటే పైన డబ్బాలో మార్చి మూత పెట్టడం కాదు. నాలుగు చక్రాల దగ్గరా పాతది బయటికి రావాలి. ఒకరు సీట్లో, ఒకరు చక్రం దగ్గర. చక్రం దగ్గర ఆయిల్ బయటికి వదిలే చిన్న స్క్రూ ఉంటుంది, నిప్పుల్ అంటాం. దానికి లోపల కనిపించే తెల్ల పైపు తొడిగి రెండో కొస సీసాలో కొత్త ఆయిల్‌లో ముంచండి. చక్రం దగ్గరివాడు "నొక్కు" అంటాడు. సీట్లోవాడు నొక్కి "పట్టా" అంటాడు. అప్పుడు నిప్పుల్ పావు చుట్టు వదిలితే పెడల్ కిందికి జారుతుంది, పైపులో నల్లగా వస్తుంది. నిప్పుల్ బిగించాకే "వదులు" అనాలి. ఈ వరస తప్పితే గాలి లోపలికి లాగుతుంది, చేసిన పనంతా వృథా. సాధారణంగా మాస్టర్ సిలిండర్‌కి (పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసేది) దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెడతాం, అంటే మన కార్లలో వెనక ఎడమది. మీ మాన్యువల్ వేరే వరస చెబితే అదే చేయండి. పైపులో తేనె రంగు వచ్చేదాకా ఆపొద్దు, రిజర్వాయర్ అడుగంటనివ్వొద్దు. పెయింటు మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగండి, లేకపోతే రంగు లేచిపోతుంది.

ప్యాడ్లు సగానికంటే పల్చబడితే కొత్తవి వేయించండి. పల్చటి ప్యాడ్ వేడిని ఆపలేదు, నేరుగా ఆయిల్‌కి అప్పజెబుతుంది. కొత్త ప్యాడ్లతో ఆరోజే ట్రాక్ ఎక్కొద్దు. ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 10కి ఓ ఎనిమిది పదిసార్లు, పూర్తిగా ఆగకుండా, బ్రేకు కొట్టి తరవాత కాసేపు మామూలుగా నడిపి చల్లార్చండి. మీ స్విఫ్ట్‌కి వెనక డ్రమ్ములు కదా, విప్పి లోపలి దుమ్ము దులిపించి, వీల్ సిలిండర్ దగ్గర తడి ఏమైనా ఉందేమో చూడమనండి.

ఇంజన్ ఆయిల్ మార్చి ఐదారు వేల కిలోమీటర్లు దాటితే మార్చేయండి. ఆయిల్ కొలిచే స్టిక్ మీద పై గీత దగ్గర ఉండాలి, దానికి మించొద్దు. పొడవాటి మలుపులో ఆయిల్ అంతా సంప్‌లో (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) ఒక పక్కకి పోతుంది. మట్టం తక్కువుంటే పంపు ఆయిల్ బదులు గాలి పీలుస్తుంది, బేరింగులు ఆ ఒక్క మలుపులోనే దెబ్బతినొచ్చు. ప్రతి రౌండుకీ మధ్య స్టిక్ తీసి చూడటం అలవాటు చేసుకోండి. మీది నెల్లూరు కాబట్టి ఇంకో మాట: కోతల కాలంలో హైవే మీద తిరిగిన కార్ల రేడియేటర్లలో పొట్టు, పురుగులు కలిసి పిడకల్లా అతుక్కుని ఉంటాయి. ఇంజన్ వైపు నుంచి బయటికి, మెల్లటి ధారతో కడిగించండి. వాటర్ సర్వీసింగ్ గన్ దగ్గర పెట్టి కొడితే రెక్కలు వంగిపోతాయి.

ఇక నట్లు. పంక్చర్ షాపులో వీల్ స్పానర్ మీద ఎక్కి తొక్కి బిగిస్తారు, లేకపోతే గాలి గన్‌తో కొడతారు. రెండూ వద్దు. మాన్యువల్‌లో ఎంత బలంతో బిగించాలో, అంటే టార్క్, రాసుంటుంది, టార్క్ రెంచ్‌తో బిగించండి. మొదటి రౌండు తరవాత చక్రం చల్లారాక మళ్లీ ఒకసారి చూడండి.

కారు లోపలున్న సామానంతా తీసేయాలి. డిక్కీలో స్టెప్నీ, జాకీ, కింద చాపలు, డోర్లో నీళ్ల సీసా, డ్యాష్‌బోర్డు మీద టేపుతో అంటించిన వెంకటేశ్వరస్వామితో సహా. స్వామి కాసేపు బ్యాగులో ఉంటే ఏమీ అనుకోడు. బ్రేక్ పెడల్ కిందికి సీసా దొర్లితే మాత్రం ఆయన కూడా ఏం చేయలేడు. బ్యాటరీ క్లాంపు చేత్తో ఊపి చూడండి. చాలా కార్లలో బ్యాటరీ మార్చినవాడు క్లాంపు సరిగ్గా పెట్టడు.

మీ ఫ్రెండ్స్ లిస్టు సంగతి. సైలెన్సర్ మారిస్తే చప్పుడు పెరుగుతుంది. స్ప్రింగులు కోయించడం మాత్రం అసలు వద్దు. కోసిన స్ప్రింగు సరిగ్గా కూర్చోదు, డ్యాంపర్ (షాక్ అబ్సార్బర్) దానికి తగ్గది కాదు, ఎగుడుదిగుడు చోట మలుపులో చక్రం గాల్లోకి లేస్తుంది. ఆయిళ్లు, ప్యాడ్లు, కూలెంట్, అలైన్‌మెంట్ అన్నీ కలిపినా మీ 40 వేలల్లో సగం మిగలాలి. మిగిలింది దాచుకోండి. ట్రాక్ రుచి పట్టుకుంటే టైర్లకే చాలవు.

నాది పోలో. కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేలో రెండుసార్లు నడిపాను. నాలుగైదు చుట్లు బాగానే ఉంటుంది, తరవాత స్టీరింగ్ ఎంత తిప్పినా ముందు టైర్లు జారి కారు బయటికి పోతోంది. ఇంటి దగ్గర 33 గాలి పెట్టించాను. ముందు టైర్లు బయటి అంచున అరిగాయి. గాలి పెంచాలా, తగ్గించాలా? నైట్రోజన్ పెట్టిస్తే పోతుందా? (హనుమకొండ పాఠకుడు)

ఫార్ములా మారుతి అనే ఒంటి సీటు రేసు కార్లు తయారుచేసిన ఎస్.కరివర్ధన్ పేరు మీదున్న ట్రాక్ అది. 2.1 కిలోమీటర్లే, మలుపులు వెంటవెంటనే వస్తాయి. ముందు టైర్లకి ఊపిరి తీసుకునే సందు ఉండదు.

మీరు ఇంటి దగ్గర కొలిచిన 33 చల్లటి టైరు లెక్క. సుమారు ఆరు డిగ్రీల వేడికి ఒక పీఎస్ఐ చొప్పున పెరుగుతుంది. టైరులో గాలి 30 డిగ్రీల నుంచి 75కి పోయిందనుకోండి, మీ 33 కాస్తా 40 అయి కూర్చుంటుంది. టైరు ఉబ్బి నేలని మధ్యలోనే పట్టుకుంటుంది. ఐదో చుట్టుకి జారుడు మొదలవడం ఇందుకే కావచ్చు.

ఒక గేజ్ కొనుక్కోండి, బంకులో గేజుని నమ్మొద్దు. రౌండు ముగించి పిట్‌లోకి (ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటు) రాగానే, హెల్మెట్ తీయకముందే, నాలుగూ కొలిచి కాగితం మీద రాయండి. ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఆ అంకెకి విలువ లేదు. మామూలు రోడ్డు టైర్లున్న చిన్న కార్లకి నేను వేడిమీద 36 దగ్గర మొదలుపెడతాను. అక్కణ్ణుంచి టైరే చెబుతుంది. బయలుదేరే ముందు టైరు భుజం మీద, ట్రెడ్ నుంచి పక్కగోడ దాకా, సుద్దముక్కతో నాలుగైదు చోట్ల అడ్డగీత గీయండి. చాలా టైర్లకి భుజం దగ్గర చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. వచ్చాక సుద్ద ఆ గుర్తు దాకా చెరిగితే సరిగ్గా ఉన్నట్టు. దాన్ని దాటి పక్కగోడ మీద కూడా చెరిగితే టైరు మడత పడుతోంది, ఒకటి రెండు పెంచండి. గుర్తుకి పైనే సుద్ద మిగిలిపోతే తగ్గించండి.

అయితే బయటి అంచు అరుగుదల గాలి ఒక్కదాని పని కాదు. మన రోడ్డు కార్లకి క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో వాలి ఉండే కోణం) ట్రాక్ కోసం పెట్టింది కాదు, మలుపులో బరువంతా బయటి అంచు మీదే పడుతుంది. కొంచెం నెగెటివ్ క్యాంబర్, అంటే చక్రం పైభాగం లోపలికి వాలేలా, ఇప్పించుకోవచ్చు గానీ దానికంటే ముందు, నొచ్చుకోకండి, మీ కాలు సంగతి చూడాలి. మలుపులోకి మోయలేనంత వేగంతో తీసుకెళ్లి, జారుతుంటే ఇంకా స్టీరింగ్ తిప్పుతున్నారు. జారుతున్న టైరుని ఇంకా తిప్పితే రబ్బరు రాలడం తప్ప కారు తిరగదు. స్టీరింగ్ కాస్త వెనక్కి వదలండి, ఒక అర సెకను యాక్సిలరేటర్ తగ్గించండి, మూతి లోపలికి వస్తుంది. బ్రేకు స్టీరింగ్ తిప్పకముందే, నిటారుగా ఉన్నప్పుడే చాలావరకు అయిపోవాలి.

నైట్రోజన్ సంగతి. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్. తేడా చేసేది లోపలి తేమ. కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు దించని షాపులో కొట్టించకుండా ఉంటే చాలు. టైర్ల వయసు కూడా చూసుకోండి, పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం పుట్టింది.

మా అబ్బాయికి 24 ఏళ్లు. ట్రాక్‌కి పోతానంటున్నాడు. "రేసు కాదమ్మా, ఇన్సూరెన్స్ ఉంది, ఏం కాదు" అంటాడు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. పంపమంటారా? (కాకినాడ నుంచి ఒక తల్లి)

అమ్మా, మీవాడు చెప్పిన రెండింటిలో ఒకటి నిజం. ట్రాక్ డే రేసు కాదు. ఎవరు ముందొచ్చారో రాసుకోరు, కప్పులివ్వరు. అనుభవాన్ని బట్టి జట్లుగా విడదీసి పంపుతారు. పసుపు జెండా చూపిస్తే ముందేదో ప్రమాదం, దాటకూడదు. ఎరుపంటే అందరూ మెల్లగా వెనక్కి రావాలి.

ఇన్సూరెన్స్ సంగతి మాత్రం తప్పు. మన ప్రైవేటు కారు పాలసీలో వాడకం పరిమితుల దగ్గర చిన్న అక్షరాల్లో ఉంటుంది, రేసులకీ వేగ పరీక్షలకీ వాడితే వర్తించదని. ట్రాక్ మీద బంపరు పగిలినా, కారే పోయినా సొంత డబ్బే అనుకోవాలి. ఆ లెక్కకి ఒప్పుకునే పోతున్నాడా అని అడగండి. అతని ఆరోగ్య పాలసీలో ఇలాంటి మినహాయింపు ఏమన్నా ఉందేమో కూడా చదవమనండి.

పంపమంటారా అంటే, నేనైతే పంపుతాను. అవతలివైపు నుంచి లారీ రాదు, ఆవు రాదు, అందరూ ఒకే దిక్కుకి పోతారు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో ఫార్ములా ఈ (ఎలక్ట్రిక్ కార్ల రేసు) జరిగినప్పుడు హుస్సేన్ సాగర్ పక్కన 2.8 కిలోమీటర్ల చుట్టుకి రోడ్లన్నీ మూసి, రెండు పక్కలా కాంక్రీటు గోడలు, పైన కంచెలు కట్టారు. నగరం రోడ్డు మీద ఆ వేగానికి అంత ఏర్పాటు కావాలి. ఆ ఏర్పాటేమీ లేకుండా అర్ధరాత్రి పందెం వేస్తే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద మొదటిసారికే మూడు నెలల దాకా జైలో, 5,000 దాకా జరిమానానో, లేదా రెండూనో.

నిర్వాహకులకి ఫోన్ చేయించి అంబులెన్స్ ఉంటుందా, మొదటిసారి వచ్చేవాళ్ల పక్కన నేర్పేవాళ్లు కూర్చుంటారా అని కనుక్కోండి. నిండుగా ముఖం కప్పే హెల్మెట్, నిండు చేతుల నూలు చొక్కా, పల్చటి అడుగున్న బూట్లు పెట్టుకోమనండి. ముందురోజు రాత్రంతా కారు నడుపుకుంటూ పోయి పొద్దున్నే ట్రాక్ ఎక్కుతానంటే మాత్రం మీరు అడ్డం పడండి, తప్పు లేదు.

గుంటూరు వాణ్ణి, టెక్సస్‌లో ఉంటాను. ఆస్టిన్ సర్క్యూట్‌లో నా పైకప్పు లేని మియాటా కారు నడపాలని ఉంది. బైకు హెల్మెట్ ఉంది, సరిపోతుందా? (ఆస్టిన్ పాఠకుడు)

లోపలి స్టిక్కర్ చూడండి. స్నెల్ అనేది హెల్మెట్లు పరీక్షించే సంస్థ. స్నెల్ ఎం అని ఉంటే అది బైకుది, ఎస్ఏ అని ఉంటే కారుది. ఎస్ఏ హెల్మెట్‌కి మంట తట్టుకునే పరీక్ష, లోపలి ఇనప కడ్డీలకి తల కొట్టుకునే పరీక్ష అదనంగా ఉంటాయి. నిర్వాహకులు ఏది అడుగుతారో ముందే చూసుకుని, కొనేదేదో ఎస్ఏ కొనండి. పైకప్పు లేని కారుకి రోల్ బార్ (కారు పల్టీ కొడితే తలని కాచే ఇనప కమ్మీ) తప్పనిసరి అనుకోండి. హెల్మెట్ పెట్టుకుని కూర్చుని, ముందు అద్దం పై అంచు నుంచి రోల్ బార్ పై దాకా ఒక చీపురు కర్ర ఆనించమనండి. తల దానికి కిందే ఉండాలి. ఆ ట్రాక్ 5.513 కిలోమీటర్లు, 20 మలుపులు, వెనక స్ట్రెయిట్ చాలా పొడుగు. నెల్లూరు తమ్ముడికి రాసిన బ్రేక్ ఆయిల్ పురాణం మీరూ చదవండి.

ట్రాక్ మీద ఏసీ వేసుకోవచ్చా? (ఏలూరు)

వద్దు. కంప్రెసర్ ఇంజన్ బలం తింటుంది, కండెన్సర్ వేడి నేరుగా రేడియేటర్ మీదికి పోతుంది. ఎలాగూ చాలాచోట్ల అద్దాలు దించమంటారు. చెమట పడుతుంది, రౌండ్ల మధ్య నీళ్లు తాగండి.

రోజూ ఆఫీసుకి వాడే కారుకి రోల్ కేజ్ (లోపల చుట్టూ ఇనప పైపుల పంజరం) వేయించొచ్చా? (హైదరాబాద్)

వేయించొద్దు. హెల్మెట్ లేని తలకి, చిన్న గుద్దులో కూడా, ఆ పైపే శత్రువు. రోల్ కేజ్, బకెట్ సీటు, హార్నెస్ (రెండు భుజాల మీదుగా బిగించే రేసు బెల్టు), హెల్మెట్ నాలుగూ కలిసి ఉండాలి. ఆ కారు ఇక రోడ్డుది కాదు.

సాయంత్రం అయిపోయాక అదే కారులో ఇంటికి రావచ్చా? (ఒంగోలు)

రావచ్చు, రావాలనే కదా ఇదంతా. చివరి చుట్టు మెల్లగా, బ్రేకు ముట్టుకోకుండా తిప్పి లోపలికి రండి. ఆపాక హ్యాండ్ బ్రేక్ లాగొద్దు. వేడి డ్రమ్ము చల్లారుతూ షూ మీద బిగుసుకుంటుంది, డిస్క్ అయితే ప్యాడ్ అతుక్కుంటుంది. గేరులో పెట్టి చక్రం కింద ఇటుక పెట్టండి. టర్బో కారైతే రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపండి.

గంట చల్లారాక ప్యాడ్లు ఎంత మిగిలాయో టార్చి వేసి చూడండి, బ్రేక్ ఆయిల్ మట్టం చూడండి, నట్లు బిగించండి, స్టెప్నీ జాకీ ఎక్కించండి. అన్నిటికంటే ఎక్కువమంది మరిచిపోయేది గాలి. పగలంతా వేడిమీద కొంచెం కొంచెం తీసేశారు కదా, ఇప్పుడు చల్లారాక అవే టైర్లలో 29కి మించి ఉండదు. నలుగురు ఎక్కి, లగేజీ పెట్టి, ఆ గాలితో హైవే మీద 100 మీద పోతే పక్కగోడ కాగి పేలుతుంది. ట్రాక్ గేటు దాటగానే వచ్చే మొదటి బంకులో ఆపి, డోర్ ఫ్రేమ్ మీద రాసినంత కొట్టించుకుని ఒంగోలు దారి పట్టండి.